బైండింగ్ షాపు కుర్రవాడు – మన మైకులో మైకేల్ ఫారడే

మన హాస్టల్ గదుల్లో తిరిగే ప్రతి సీలింగ్ ఫ్యానుకూ ఒక కండెన్సర్ ఉంటుంది. ఫ్యాను ఈసురోమని తిరుగుతుంటే ఎలక్ట్రీషియన్ ముందుగా అనుమానించేది దాన్నే. దాని మీద 2.5 మైక్రోఫారడ్ అనో, 3.15 మైక్రోఫారడ్ అనో అచ్చు వేసి ఉంటుంది. కిలో, మీటరు, లీటరు లాగే ఫారడ్ కూడా ఒక కొలత. అయితే కిలో, మీటరు ఎవరి పేర్లూ కావు. ఫారడ్ మాత్రం ఒక మనిషి పేరు నుంచి వచ్చింది. ఆ మనిషి ఒక కమ్మరి కొడుకు. కాలేజీ మెట్లు ఎక్కి చదువుకున్నవాడు కాదు. పదమూడో ఏట పుస్తకాల దుకాణంలో పనికి కుదిరిన కుర్రవాడు.

హాస్టళ్ల వార్షికోత్సవ సంచికలలో బాబాసాహెబ్ అంబేడ్కర్, జ్యోతిరావు పూలే, మహాకవి జాషువా జీవితాలు వస్తూనే ఉంటాయి. రావాలి కూడా. ఈసారి వాటి పక్కన మైకేల్ ఫారడే జీవితాన్ని కూడా పెట్టాలని పూర్వ విద్యార్థులమైన మేము కొందరం అనుకున్నాం. పదో తరగతి భౌతికశాస్త్రంలో ఆయన నియమాలను మనమంతా బట్టీ పట్టాం, మార్కులు తెచ్చుకున్నాం. కానీ ఆ నియమాల వెనుక ఉన్న మనిషి ఎక్కడ నుంచి వచ్చాడో ఆ పాఠం మనకు చెప్పలేదు.

వారానికి ఒక రొట్టె

ఫారడే 1791 సెప్టెంబర్ 22న ఇంగ్లండులో, లండన్ నగరానికి దక్షిణంగా ఉన్న న్యూవింగ్టన్ బట్స్ అనే చోట పుట్టాడు. తండ్రి జేమ్స్ ఫారడే కమ్మరి. పని వెతుక్కుంటూ ఉత్తర ఇంగ్లండు నుంచి వలస వచ్చిన కుటుంబం అది. తల్లి మార్గరెట్. నలుగురు పిల్లల్లో మైకేల్ మూడోవాడు. తండ్రి తరచూ జబ్బు పడేవాడు. కమ్మరి పనికి ఒంట్లో సత్తువ కావాలి. సత్తువ లేని రోజున కొలిమి వెలగదు, కొలిమి వెలగని రోజున కూలి రాదు. 1801లో ధాన్యం ధరలు విపరీతంగా పెరిగినప్పుడు ఆ ఇంట్లో మైకేల్ వంతుకు వారానికి ఒకే ఒక రొట్టె వచ్చేది. ఆ ఒక్కదానితో వారమంతా గడపాలి. మెస్ చార్జీలు చాలక పప్పు నీళ్లగా మారిన రోజులు తెలిసిన మనకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

బడి చదువు పేరుకే. చదవడం, రాయడం, కూడికలు తీసివేతలు. అంతవరకే ఆయనకు దక్కింది. 1804లో, 13వ ఏట, బ్లాండ్‌ఫోర్డ్ వీధిలో జార్జ్ రీబో అనే ఆయన నడిపే పుస్తకాల దుకాణంలో చిల్లర పనులకు చేరాడు. ఆ రోజుల్లో వార్తాపత్రిక ఖరీదైన వస్తువు. ఒకే పత్రికను ఒక ఇంటిలో ఇచ్చి, చదివాక తీసుకుని, మరో ఇంటికి చేర్చేవారు. మైకేల్ పని అదే. ఏడాది తిరిగాక రీబో అతన్ని పుస్తకాల బైండింగ్ నేర్చుకోవడానికి ఏడేళ్ల ఒప్పందం మీద శిష్యుడిగా పెట్టుకున్నాడు. పని నేర్పినందుకు మామూలుగా తీసుకునే రుసుము కూడా తీసుకోలేదు.

కుట్టే పుస్తకాన్నే చదివాడు

బైండింగ్ షాపులోకి రకరకాల పుస్తకాలు వస్తాయి. కుట్టి, అట్ట వేసి, జిగురు ఆరాక పంపించేస్తారు. మైకేల్ మాత్రం పని అయిపోయాక వాటిని చదివేవాడు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా బైండింగుకు వచ్చినప్పుడు అందులో విద్యుత్తు గురించిన వ్యాసం అతని కంటపడింది. జేన్ మార్సెట్ అనే రచయిత్రి సంభాషణల రూపంలో రాసిన రసాయనశాస్త్ర పుస్తకం చదివి రసాయనాలంటే ఏమిటో తెలుసుకున్నాడు. చదివిన దాన్ని అలాగే నమ్మి ఊరుకోలేదు. చేతిలో ఉన్న కొద్ది పెన్నీలతో కొనగలిగినంత సామాను కొని ఆ ప్రయోగాలు తానే చేసి చూశాడు. రాపిడితో విద్యుత్తు పుట్టించే యంత్రాన్ని మొదట ఒక చిన్న గాజు సీసాతో, తర్వాత గాజు సిలిండరుతో తయారు చేసుకున్నాడు.

1810లో తండ్రి చనిపోయాడు. ఆ రోజుల్లో లండన్‌లో జాన్ టాటమ్ అనే ఆయన సైన్సు ఉపన్యాసాలు ఇచ్చేవాడు. ఒక్కో ఉపన్యాసానికి ఒక షిల్లింగు. ఆ షిల్లింగు తమ్ముడి చేతిలో పెట్టినవాడు అన్న రాబర్ట్. అన్నది కూడా తండ్రి వృత్తే. మన ఇళ్లలో కూడా ఒకరు చదువు మాని కూలికి పోతేనే మరొకరు హాస్టలుకు వచ్చి చదివిన కథలు ఎన్ని లేవు! రాబర్ట్ పేరు ఏ కొలతకూ పెట్టలేదు. అయినా ఈ కథలో ఆయన్ను మరిచిపోకూడదు.

ఉపన్యాసాలలో చూపించే పరికరాల బొమ్మలు గీయాలంటే గీత కుదరాలి. రీబో ఇంట్లో అద్దెకుండే ఒక ఫ్రెంచి చిత్రకారుడి దగ్గర మైకేల్ ఆ విద్య నేర్చుకున్నాడు. ప్రతిఫలంగా ఆయన గది ఊడ్చి, బూట్లకు పాలిష్ చేసేవాడు. తన రాతలోనూ మాటలోనూ తప్పులున్నాయని అతనికి తెలుసు. స్నేహితులు కొందరు కలిసి ఒకరి వ్యాసాన్ని ఒకరు చదివి దోషాలు దిద్దుకునేవారు. తర్వాతి కాలంలో ఉచ్చారణ, ఉపన్యాస కళ నేర్పే గురువు దగ్గర డబ్బు కట్టి మరీ పాఠాలు నేర్చుకున్నాడు. ఇంగ్లండులో పుట్టి ఇంగ్లీషే మాతృభాషగా గల మనిషి ఇంగ్లీషు కోసం ఇంత కష్టపడ్డాడు. తెలుగు మీడియంలో చదివి ఇంటర్వ్యూలో తడబడ్డామని కుంగిపోయే తమ్ముళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

జవాబు రాని ఉత్తరం, జవాబు వచ్చిన పుస్తకం

1812లో దుకాణానికి వచ్చే విలియం డాన్స్ అనే సంగీతకారుడు మైకేల్ ఆసక్తి గమనించి, రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో సర్ హంఫ్రీ డేవీ ఇచ్చే చివరి నాలుగు ఉపన్యాసాలకు టికెట్లు ఇచ్చాడు. డేవీ అప్పటికి ఇంగ్లండులో పేరు మోగిపోతున్న రసాయన శాస్త్రవేత్త. మైకేల్ అన్నీ శ్రద్ధగా విని, రాసుకుని, ఇంటికి వచ్చి మళ్లీ శుభ్రంగా తిరగరాసి, బొమ్మలు గీసి, తన చేతులతో తానే బైండు చేశాడు.

బైండింగ్ ఒప్పందం ముగిసే రోజులు దగ్గరపడ్డాయి. జీవితాంతం అట్టలు వేస్తూ ఉండిపోవడం అతనికి ఇష్టం లేదు. సైన్సు పని ఏదైనా ఇప్పించమని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు. డేవీకి మాత్రం ఉత్తరంతో పాటు తాను బైండు చేసిన ఆ పుస్తకాన్ని కూడా పంపాడు. డేవీ పిలిపించి మాట్లాడాడు, కానీ ఖాళీ లేదని, చేతిలో ఉన్న బైండింగ్ పని వదులుకోవద్దని సలహా ఇచ్చాడు. కొన్నాళ్లకు ప్రయోగశాల సహాయకుణ్ణి గొడవపడినందుకు తీసేయడంతో ఆ చోటు ఖాళీ అయింది. 1813 మార్చి 1న ఫారడేకు ఆ ఉద్యోగం దొరికింది. వారానికి 25 షిల్లింగుల జీతం, ఆ భవనంలోనే పై అంతస్తులో ఉండటానికి గదులు, కట్టెలు, కొవ్వొత్తులు. సీసాలు కడగడం, పొయ్యి వెలిగించడం, ఉపన్యాసానికి సామాను సర్దడం పని. అదే భవనంలో ఆయన నలభై ఏళ్లకు పైగా కాపురం ఉన్నాడు.

బండి పైన కూర్చున్న శాస్త్రవేత్త

1813 అక్టోబరులో డేవీ భార్యతో కలిసి యూరప్ యాత్రకు బయలుదేరాడు. ఆయన సొంత పనివాడు ఆఖరి నిమిషంలో రానన్నాడు. వేరే మనిషి దొరికేదాకా ఆ పనులు కూడా చూడమని ఫారడేను అడిగారు. ఆ వేరే మనిషి యాత్ర ముగిసేదాకా దొరకలేదు. డేవీ భార్య ఫారడేను పనివాడిగానే చూసింది. బండి లోపల కాకుండా బయట కూర్చోబెట్టింది. భోజనం పనివాళ్లతోనే పెట్టించింది. అవమానం భరించలేక అన్నీ వదిలేసి వెనక్కి వెళ్లిపోదామనుకున్న రోజులు ఉన్నాయి. కానీ అదే యాత్రలో పారిస్‌లో ఆంపియర్‌ను, మిలాన్‌లో వృద్ధుడైన వోల్టాను ఆయన చూడగలిగాడు. ఒకరి పేరు మీద ఆంపియర్, మరొకరి పేరు మీద వోల్ట్ నేటికీ వాడుకలో ఉన్నాయి. బండి పైన కూర్చున్న కుర్రవాడి పేరు మీద ఫారడ్ వచ్చింది. బండి లోపల కూర్చున్న వారి పేరు మీద ఏ కొలతా లేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. ఫారడే పేదరికం, మన వాడల పేదరికం ఒకటి కావు. ఆయన్ను ఎవరూ అంటరానివాడని చెరువు దగ్గర నుంచి తరమలేదు. ఆయన పెద్దవాడయ్యాక ఆయన పుట్టుకను చెప్పి తలుపు మూసినవారు తక్కువ. ఆ తేడా చెరిపేసి, కష్టపడితే అందరూ ఫారడేలు అవుతారని చెప్పడం మా ఉద్దేశం కాదు. కానీ పెద్దింటి వాళ్ల గదిలోకి బయటివాడిగా అడుగుపెట్టడం ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. ఆ మేరకు ఆయన మనవాడే.

దొంగ అన్న నింద

1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆయర్‌స్టెడ్ విద్యుత్తు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని కనుగొన్నాడు. 1821 సెప్టెంబరులో ఫారడే ఒక గిన్నెలో పాదరసం పోసి, అందులో అయస్కాంతం నిలిపి, పైనుంచి తీగ వేలాడదీసి, కరెంటు పంపి ఆ తీగ అయస్కాంతం చుట్టూ తిరిగేలా చేశాడు. విద్యుత్తుతో తిరిగే మోటారుకు అదే తొలి రూపం. ఆ ఏడాది జూన్‌లోనే సారా బర్నార్డ్‌తో ఆయన పెళ్లయింది.

ఆనందం ఎక్కువ రోజులు నిలవలేదు. వోలస్టన్ అనే పెద్ద శాస్త్రవేత్త అంతకుముందు అలాంటి ఆలోచనే చేసి ఉన్నాడు. ఆయన పేరు చెప్పకుండా ఫారడే తన ఫలితాన్ని అచ్చు వేయించాడు. బైండింగ్ కుర్రవాడు పెద్దల ఆలోచన దొంగిలించాడని గుసగుసలు లేచాయి. నిజానికి వోలస్టన్ ప్రయత్నించింది తీగ తన చుట్టూ తాను తిరగడం. ఫారడే చేసి చూపింది వేరు. అయినా రాయల్ సొసైటీ సభ్యత్వానికి ఫారడే పేరు వచ్చినప్పుడు, అప్పటి అధ్యక్షుడు డేవీయే అడ్డుపడ్డాడు. చెయ్యి పట్టి లోపలికి తెచ్చిన గురువే అలా చేయడం ఎంత బాధో ఊహించుకోవచ్చు. 1824 జనవరిలో ఓటింగు జరిగితే వ్యతిరేకంగా పడింది ఒకే ఒక ఓటు. ఫారడే ఎన్నికయ్యాడు. ఆ తర్వాత కూడా ఆయన డేవీ గురించి గౌరవంగానే మాట్లాడేవాడు.

పురికొస, నూలుగుడ్డ, ఇనుప కడియం

1831 ఆగస్టు 29. మన పాఠ్యపుస్తకంలోని విద్యుదయస్కాంత ప్రేరణ పుట్టిన రోజు. ఫారడే మెత్తని ఇనుముతో ఆరు అంగుళాల వెడల్పు గల కడియం ఒకటి చేయించాడు. దానికి ఒకవైపు ఒక తీగ చుట్ట, మరోవైపు ఇంకో తీగ చుట్ట చుట్టాడు. ఈ రోజు మనం దుకాణానికి వెళ్లి వార్నిష్ పూత ఉన్న రాగి తీగ అడిగి తెచ్చుకుంటాం. ఆయనకు అది లేదు. ఒక చుట్టుకూ మరో చుట్టుకూ తగలకుండా మధ్యలో పురికొస, వరుసకూ వరుసకూ నడుమ నూలుగుడ్డ పెట్టుకుంటూ చుట్టాడు. బైండింగులో అలవాటైన చేతులు అక్కడ పనికొచ్చాయి. ఒక చుట్టలో కరెంటు పెట్టిన క్షణంలోనూ, తీసిన క్షణంలోనూ రెండో చుట్టకు కలిపిన ముల్లు కదిలింది. అక్టోబరులో అయస్కాంతాన్ని తీగ చుట్టలోకి దూర్చి, తీసి కరెంటు పుట్టించాడు. నాగార్జునసాగర్ దగ్గర తిరిగే జనరేటరైనా, ఊరి చివర ఉండే ట్రాన్స్‌ఫార్మరైనా ఆ కొద్ది నెలల పనికి వారసులే.

మైకుల సంగతికి వద్దాం. సభల్లో మాట్లాడేవారు చేత్తో పట్టుకునే మామూలు మైకును డైనమిక్ మైకు అంటారు. అందులో పల్చని పొరకు అంటించిన తీగ చుట్ట అయస్కాంతం నడుమ కదులుతుంది. మన గొంతు పొరను కదిపితే చుట్ట కదులుతుంది, చుట్ట కదిలితే కరెంటు పుడుతుంది. అది 1831 నాటి సూత్రమే. రెండో రకం కండెన్సర్ మైకు. దాని సూత్రం తెలియాలంటే ఇంకో ఆరేళ్లు ముందుకు వెళ్లాలి.

రెండు ఇత్తడి గోళాలు

కండెన్సర్‌ను కనిపెట్టింది ఫారడే కాదు. లోపల, బయట లోహపు రేకు అంటించిన లైడెన్ జాడీలు ఆయన పుట్టకముందే ఉన్నాయి. రెండు లోహపు పలకలు తాకకుండా దగ్గరగా ఉంటే వాటి మీద విద్యుదావేశం నిలుస్తుందని అందరికీ తెలుసు. మధ్యలో ఉన్న గాలి, గాజు మాత్రం ఊరికే అడ్డుగా ఉన్నాయనుకునేవారు. ఫారడేకు ఆ మాట నచ్చలేదు. మధ్యలో ఉన్నదానికి కూడా ఏదో పాత్ర ఉండాలని అనుకున్నాడు.

1837లో ఆయన అచ్చంగా ఒకేలా ఉండే రెండు పరికరాలు చేయించాడు. ఒక్కొక్కటీ ఇత్తడి గోళంలో ఇంకో ఇత్తడి గోళం. రెండింటి నడుమ ఖాళీ. మొదట రెండింటిలోనూ గాలే ఉంచి, ఒకదానికి ఆవేశం ఇచ్చి, రెండో దానితో పంచుకునేలా చేశాడు. సరిగ్గా సగం సగం పంచుకున్నాయి. అంటే రెండూ సమానమని తేలింది. తర్వాత ఒకదాని ఖాళీలో మాత్రం లక్క నింపాడు. మన లక్క గాజులకు వాడే లక్క లాంటిదే. ఈసారి పంపకం సమానంగా లేదు. లక్క ఉన్నది ఎక్కువ పట్టుకుంది. గంధకంతో, గాజుతో కూడా చూశాడు. ఒక్కో పదార్థానికి ఒక్కో తీరు. మన పుస్తకాలలో రోధకం అని చదివేది ఈ నడుమ పదార్థాన్నే. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ కండెన్సర్ కెపాసిటీ కొలతకు ఫారడ్ అనే పేరు ఖాయం చేసింది.

ఈ ప్రయోగం చేసిన పద్ధతిని గమనించండి. ఒకటి మారకుండా ఉంచాడు. రెండోదానిలో ఒకే ఒక్క మార్పు చేశాడు. తేడా వస్తే ఆ మార్పు వల్లే వచ్చిందని తేల్చాడు. ఇందులో పెద్ద గణితం లేదు, ఓపిక ఉంది. ఈ ఓపికే మాకు మైకు దగ్గర పనికొచ్చింది.

మా కండెన్సర్ మైకు

కండెన్సర్ మైకులో ఒక పలక కదలదు. దాని ఎదురుగా వెంట్రుక మందం కంటే తక్కువ దూరంలో లోహపు పూత ఉన్న పల్చని పొర ఉంటుంది. రెండూ కలిస్తే ఒక బుల్లి కండెన్సర్. మాట్లాడినప్పుడు పొర ముందుకూ వెనక్కూ ఊగుతుంది, దూరం మారుతుంది, కెపాసిటీ మారుతుంది. పలకల మీద ఆవేశం అంతే ఉండి కెపాసిటీ మారితే వోల్టేజి మారుతుంది. ఆ మార్పే మన గొంతు. 1916లో అమెరికాలో ఈ.సీ.వెంటే అనే ఇంజనీరు ఇలాంటి మైకును తయారు చేశాడు. ఆవేశం నిలపడానికి బయటి నుంచి ఎక్కువ వోల్టేజి ఇవ్వాల్సి వచ్చేది. 1962లో బెల్ ప్రయోగశాలలో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ కలిసి ఆవేశాన్ని శాశ్వతంగా దాచుకునే ప్లాస్టిక్ పొరతో ఎలక్ట్రెట్ మైకు చేశారు. జేమ్స్ వెస్ట్ అమెరికాలోని నల్లజాతి కుటుంబంలో పుట్టిన శాస్త్రవేత్త. చవకగా దొరికే కండెన్సర్ మైకులన్నీ దాదాపు ఆ జాతివే. వీటిలోనూ సిగ్నల్‌ను సరిచేసే చిన్న ట్రాన్సిస్టర్ ఉంటుంది కాబట్టి దానికి పెన్సిల్ సెల్లు గానీ, మిక్సర్ నుంచి వచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ గానీ కావాలి.

మేము హాస్టల్‌లో ఉన్నప్పుడు ఒక వార్షికోత్సవానికి రెండు రోజుల ముందు అలాంటి మైకు ఒకటి మూగబోయింది. బాగుచేయించడం దండగ, కొత్తది కొనుక్కోమని దుకాణంలో చెప్పారు. కొత్తదానికి డబ్బుల్లేవు. వార్డెన్ గారి అనుమతి తీసుకుని మేమే విప్పాం. తమ్ముళ్లకు పనికొస్తుందని ఆ వరుస ఇక్కడ రాస్తున్నాం.

మొదట ఆంప్లిఫయర్ కట్టేసి, అదే ఆంప్లిఫయర్‌కు బాగున్న వేరే మైకు పెట్టి చూశాం. పలికింది. అంటే ఆంప్లిఫయర్ తప్పు లేదు. ఆ బాగున్న మైకునే మా మైకు వైరుకు తగిలించాం. గరగరమంది. అంటే వైరులో ఒక లోపం ఖాయం. ప్లగ్గు విప్పితే మూడు పిన్నుల్లో ఒకటో పిన్నుకు అతికించాల్సిన షీల్డు వైరు ఊడి వేలాడుతోంది. మల్టీమీటరుతో ఒక్కో పిన్నూ ఈ చివర నుంచి ఆ చివరకు చూసి, ఊడిన దాన్ని సోల్డరింగ్ చేశాం.

వైరు బాగుపడ్డా మైకు పలకలేదు. సెల్లు అర విప్పితే పాత సెల్లు కారి స్ప్రింగు మీద తెల్లగా, పచ్చగా చిలుము పట్టి ఉంది. ఆ చిలుమును గరుకు కాగితంతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, కొత్త సెల్లు వేశాం. ఈసారి వినిపించింది కానీ ఎక్కడో బావిలోంచి మాట్లాడినట్టు. అప్పుడు మైకు గుండు దగ్గర ఉండే క్యాప్సూల్ రెండు కొసల మధ్య వోల్టేజి చూశాం. పనిచేసే క్యాప్సూల్ కొంత కరెంటు తీసుకుంటుంది కాబట్టి అక్కడ సెల్లు వోల్టేజి కంటే తక్కువ కనిపించాలి. మాకు దాదాపు పూర్తి ఒకటిన్నర వోల్టు కనిపించింది. లోపలి ట్రాన్సిస్టర్ పని అయిపోవచ్చిందన్నమాట. ఎలక్ట్రానిక్ సామాన్ల కొట్టులో అదే సైజు ఎలక్ట్రెట్ క్యాప్సూల్ పది ఇరవై రూపాయలకే దొరికింది. దాని వెనుక ఉన్న రెండు చుక్కల్లో డబ్బా అంచుకు కలిసి ఉన్నది గ్రౌండు. అది చూసుకుని, వేడి లోపలికి పోకుండా రెండు సెకన్లలో అతికించి తీసేశాం. ఆ వార్షికోత్సవంలో ప్రార్థనా గీతం ఆ మైకులోంచే వినిపించింది.

కొన్ని జాగ్రత్తలు. పొరను వేలితో ముట్టకూడదు, దుమ్ము పోవాలని నోటితో ఊదకూడదు. నోటి తేమే దానికి శత్రువు. వానాకాలం చిటపట శబ్దం వస్తే మందు సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో కలిపి డబ్బాలో రెండు రోజులు మూసి ఉంచాలి. ఫాంటమ్ పవర్ తీసేశాకే వైరు పీకాలి. వాడని రోజుల్లో సెల్లు తీసి పెట్టాలి. వాల్వులతో పనిచేసే పాత కండెన్సర్ మైకుల్లో ప్రమాదకరమైన వోల్టేజి ఉంటుంది, వాటిని విప్పవద్దు. కరెంటు ప్లగ్గులో ఉన్న ఆంప్లిఫయర్‌ను అసలే విప్పవద్దు.

ఫారడే తన ప్రయోగాల డైరీలో ఒక్కో పేరాకు ఒక్కో నంబరు వేసి రాశాడు. ఆ నంబర్లు 16 వేలు దాటాయి. కుదిరినదీ రాశాడు, కుదరనిదీ రాశాడు. మీరు దేన్ని విప్పినా ఏ వైరు ఏ రంగు, ఎక్కడ నుంచి ఎక్కడికి పోతోందో ముందు కాగితం మీద గీసుకోండి. విప్పడం ఎవరికైనా వస్తుంది. తిరిగి బిగించడానికి ఆ కాగితమే దిక్కు.

గణితం రాని లోటు

ఫారడేను పొగుడుతూ ఒక నిజాన్ని దాచకూడదు. ఆయనకు ఉన్నత గణితం రాదు. అయస్కాంతం చుట్టూ ఇనుప రజను ఏర్పరచే గీతలను చూసి, ఖాళీ అనుకునే చోటంతా బలరేఖలు నిండి ఉంటాయని ఆయన ఊహించాడు. కానీ దాన్ని సమీకరణాలలో చెప్పలేకపోయాడు. చాలామంది గణిత పండితులు ఆ ఆలోచనను పట్టించుకోలేదు. ఆయన కంటే 40 ఏళ్లు చిన్నవాడైన జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ 1850లలో ఆ బలరేఖలను శ్రద్ధగా చదివి, 1865 నాటికి గణితంగా మలిచాడు. రేడియో తరంగాలు, మన సెల్‌ఫోన్ అన్నీ ఆ దారిలోనే వచ్చాయి. కాబట్టి చేతిపని వస్తే చాలు, లెక్కలు వద్దు అని ఫారడే జీవితం చెప్పడం లేదు. తనకు దక్కని చదువు విలువ ఆయనకు బాగా తెలుసు. మన తరానికి ఆ లోటు ఉండాల్సిన పనిలేదు. మన చేతుల్లో పుస్తకమూ ఉంది, స్క్రూడ్రైవరూ ఉంది.

సాదా మైకేల్‌గానే

పేరు వచ్చాక పదవులు వెతుక్కుంటూ వచ్చాయి. సర్ అని పిలిపించుకునే బిరుదు ఆయన పుచ్చుకోలేదు. ఒకప్పుడు తన ఉత్తరానికి జవాబివ్వని రాయల్ సొసైటీ అధ్యక్ష పదవి తన ఇంటికే వస్తే వద్దన్నాడు. క్రిమియా యుద్ధ కాలంలో విషవాయువుల విషయం ప్రభుత్వం అడిగితే ఆ పనిలో చేయి పెట్టనన్నాడు. 1844లో హాస్‌వెల్ బొగ్గు గని పేలుడులో కార్మికులు చనిపోయినప్పుడు మాత్రం విచారణకు వెళ్లి, బొగ్గు దుమ్ము కూడా పేలుడుకు కారణమని తేల్చాడు. సముద్రతీరాల లైట్‌హౌసుల కోసం ఏళ్ల తరబడి పనిచేశాడు.

పిల్లల కోసం రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో జరిగే క్రిస్మస్ ఉపన్యాసాలను ఆయన స్వయంగా 19 సార్లు ఇచ్చాడు. ఒక్క కొవ్వొత్తిని వెలిగించి, దాని మంటలోంచి రసాయనశాస్త్రమంతా చెప్పిన ఉపన్యాసాలు పుస్తకంగా వచ్చాయి. టికెట్టు కోసం ఒకరి దయ మీద ఆధారపడిన కుర్రవాడు పెద్దయ్యాక చేసిన పని అది.

చివరి ఏళ్లలో జ్ఞాపకశక్తి తగ్గిపోయింది. 1858లో విక్టోరియా రాణి హాంప్టన్ కోర్ట్ దగ్గర ఉండటానికి ఇల్లు ఇచ్చింది. 1867 ఆగస్టు 25న అక్కడే కన్నుమూశాడు. లండన్‌లోని హైగేట్ శ్మశానంలో ఒక సాదా రాయి కింద ఆయన సమాధి ఉంది. వారానికి ఒక రొట్టెతో బతికిన ఆ పిల్లవాడి బొమ్మను 1991లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 20 పౌండ్ల నోటు మీద వేసింది. 2001 దాకా ఆ నోటు చెలామణిలో ఉంది.

మా విన్నపం

వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులు శాలువాలు, పూలదండలు తెస్తుంటారు. ఈసారి ఎవరైనా ఒక మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్, నాలుగు స్క్రూడ్రైవర్లు, ఒక పెట్టె తెచ్చి హాస్టలుకు ఇస్తే బాగుంటుందని మా కోరిక. పాడైన రేడియోలు, టార్చి లైట్లు, మైకులు ఉన్నవారు అవి కూడా తెచ్చి ఇవ్వండి. వచ్చి పాఠం చెప్పగలిగినవారు నెలకో ఆదివారం రండి. టాటమ్ ఉపన్యాసానికి షిల్లింగు ఇచ్చిన అన్న, డేవీ టికెట్లు చేతిలో పెట్టిన పెద్దమనిషి లేకపోతే బ్లాండ్‌ఫోర్డ్ వీధిలో ఒక మంచి బైండరు మాత్రమే మిగిలేవాడు. మన హాస్టల్‌లోనూ అలాంటి చేతులు ఎన్నో ఉన్నాయి. వాటికి కావలసిన షిల్లింగు పెద్దదేమీ కాదు.

తమ్ముళ్లారా, చెడిపోయిన వస్తువు ఎదురైతే దాన్ని పారేసే ముందు పెద్దల అనుమతితో, జాగ్రత్తగా, ఒక్కసారి విప్పి చూడండి. బాగుపడితే హాస్టలుకు లాభం. బాగుపడకపోయినా లోపల ఏముందో మీకు తెలుస్తుంది. మీరు చూసింది, చేసింది నంబరు వేసి నోటుబుక్కులో రాసి పెట్టండి. వచ్చే ఏడాది సంచికకు ఆ పేజీలు పంపండి.